పెళ్లిలో కనబడిన ముగ్గురితో లెక్క కట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్. జన్యు వ్యాధులున్న కుటుంబాలను ఎంచుకోవడంలోనే లెక్కలో ఒక తప్పు దొర్లుతుందట, దాన్ని సరిచేసే పద్ధతులు చదువుతానంటోంది. మొన్న పెళ్లిలో కనబడిన మా బంధువుల పిల్లలు ముగ్గురు డేటా సైన్స్ కోర్సు చేసి మంచి జీతాలు తెచ్చుకుంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, సబ్జెక్టు పేరు మారుతుంది కానీ ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. అందరూ వెళ్లే దారి వదిలేస్తే బిడ్డ ఏమైపోతుందోనన్నది మీ భయం. ముందు ఆ పిల్ల ఇష్టపడినదేమిటో వినండి.

తల్లికీ తండ్రికీ తలసేమియా అనే రక్త జబ్బు జన్యువు ఉంది, ఇద్దరికీ జబ్బు లేదు అనుకోండి. పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరేసి పిల్లలున్న ఇలాంటి ఇళ్లు 16 ఉంటే, సగటున 9 ఇళ్లలో ఎవరికీ రాదు, 6 ఇళ్లలో ఒకరికి, ఒక ఇంట్లో ఇద్దరికీ వస్తుంది. ఆ 9 ఇళ్లవాళ్లు ఆస్పత్రి గడప తొక్కరు. రోగులందరూ వచ్చినా రిజిస్టరులో కనబడేది 7 ఇళ్లు, 14 మంది పిల్లలు, 8 మంది రోగులు. పావు వంతు కాస్తా సగం దాటిపోయింది! జర్మనీ వైద్యుడు వైన్‌బర్గ్ 1912లోనే దీనికి ఉపాయం చెప్పాడు. ఏ బిడ్డ వల్ల ఆ ఇల్లు మన దృష్టికి వచ్చిందో ఆ బిడ్డను పక్కనపెట్టి తోబుట్టువులనే లెక్కపెట్టాలి. ఆరు ఇళ్లలో ఆరుగురు, అందరూ ఆరోగ్యవంతులే. ఏడో ఇంట్లో ఇద్దరూ రోగులే కాబట్టి ఒక్కొక్కరికి రెండోవారు తోబుట్టువు, అంటే ఇద్దరు. 8లో 2. పావు వంతు తిరిగొచ్చింది. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్తలు ఇద్దరు, 1934లో బ్రిటన్‌కు చెందిన ఫిషర్, 1965లో మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్.రావు ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు.

ఇది కాగితం మీద లెక్కే అనుకోకండి. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉన్న కుటుంబాలనే ఏరి చూసిన తొలి అధ్యయనాలు, బీఆర్‌సీఏ1 జన్యువులో లోపమున్న స్త్రీకి 70 ఏళ్లలోపు ఆ జబ్బు వచ్చే అవకాశం 80 శాతం పైనే అన్నాయి. కుటుంబ చరిత్రతో పని లేకుండా రోగులను తీసుకున్న అధ్యయనాలను 2003లో కలిపి విశ్లేషిస్తే అది 65 శాతం. ఆ అంకె చూసుకునే ఒక స్త్రీ ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని నిర్ణయించుకుంటుంది.

ఇప్పుడు మీరు చెప్పిన ఆ ముగ్గురు పిల్లల సంగతి. ఉద్యోగం వచ్చినవాళ్ల గురించే పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. రానివాళ్ల తల్లిదండ్రులు మీతో ఆ మాటే ఎత్తరు. మీరు చూసింది రిజిస్టరులోని ఇళ్లనే. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆ కోర్సులు చేసి ఉద్యోగం రానివాళ్లే, కాబట్టి నా లెక్కా వంకరే. అయినా ఆరు నెలల కోర్సుల మీద నా అనుమానం పోలేదు. టూల్స్ నేర్పుతారు, డేటా ఎక్కడినుంచి వచ్చిందో అడగడం నేర్పరు. మీ అమ్మాయి ఆ ప్రశ్న 20 ఏళ్లకే అడుగుతోంది. మీరేమో బంధువుల జీతాలు చూపించి ఆ పిల్లను చిన్నబుచ్చుతున్నారు. ఇది తప్పమ్మా.

దారి పొడవైనదే, దాచను. కోల్‌కతా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో ఎంస్టాట్ అనే పీజీ, లేదా ఉస్మానియాలో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్, ఆపై పీహెచ్‌డీ. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. జన్యు పరిశోధనకు హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థలు ఉన్నాయి, కోల్‌కతా దగ్గర కల్యాణిలో ఎన్‌ఐబీఎంజీ సంస్థ ఉంది. మధ్యలో మనసు మారినా నష్టం లేదు. ఫార్మా కంపెనీల్లో మందుల ట్రయల్స్ లెక్కలు చూసేది స్టాటిస్టిక్స్ వాళ్లే. డేటా సైన్స్‌కీ అప్పుడైనా వెళ్లొచ్చు, ఇంకా గట్టి పునాదితో.

ఈ సెలవుల్లో స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, ఎంస్టాట్ పాత ప్రశ్నపత్రాలు చేయమనండి. కోర్సుకు కట్టాలనుకున్న డబ్బు హాస్టల్ ఖర్చుకు దాచండి.