లండన్ వెళ్తున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

హిట్లర్‌ను వెనకేసుకొచ్చిన ఇంగ్లిష్ చరిత్ర రచయిత డేవిడ్ ఇర్వింగ్ మీద పరిశోధనకు లండన్ వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే నాకు గర్వంతో మాట రాలేదు. హిట్లర్ గురించి అతని మనసులో ఏముందో అతని డైరీల్లోనే వెతుకుతానన్నావట. అప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

జర్మన్ చేతిరాత చదవడం నేర్చుకో. ప్రతి కాగితం తేదీ రాసుకో. వేళకు తిను.

నేను ఎలా మోసపోయానో చెబుతాను. లెక్చరర్‌గా చేరిన రెండో ఏట, రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద జరిగిన బాంబుదాడి గురించి 1963లో అతను రాసిన పుస్తకం చేతికొచ్చింది. 1,35,000 మంది చనిపోయారని ఉంది. కాలేజీ పత్రికలో అదే రాశాను, క్లాసులో అదే చెప్పాను, జవాబుల్లో అదే రాసిన పిల్లలకు మార్కులు వేశాను. సరిచూడాలని ఒక్కసారీ అనిపించలేదు. ఎందుకో తెలుసా? మీ తాతయ్య క్విట్ ఇండియాలో జైలుకెళ్లిన మనిషి. బాంబులు ఎక్కువగా వేసింది ఇంగ్లిష్‌వాళ్లు. ఆ అంకె ఎంత పెద్దదైతే నాకు అంత బాగుంది.

తర్వాత అతను వాడుకున్న ఒక జర్మన్ పోలీసు ఉత్తర్వు నకలులో ఆ సంఖ్య 2,02,040 అయింది. అసలు కాగితంలో ఉన్నది 20,204. చివర ఒక సున్నా తగిలించారు, అంతే. డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారులు 2010లో తేల్చింది గరిష్ఠంగా 25,000. ఈ సంగతి నాకు తెలిసేసరికి నా పాత విద్యార్థి ఒకడు మాస్టారై, "సార్, మీరు చెప్పిన అంకే మా పిల్లలకీ చెబుతున్నాను" అన్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

నీకు అతనంటే అసహ్యం. ఉండాల్సిందే. కానీ నా కోపం నన్ను గుడ్డివాణ్ణి చేసినట్టే నీ అసహ్యం నిన్నూ చేస్తుందేమోనని నా భయం. పసికూతురి కోసం అతను కట్టిన జాత్యహంకారపు పాట డైరీలో దొరికింది, కోర్టులో చదివారు కూడా. అది చూసి పని అయిపోయిందనుకుంటావేమో! ఒళ్లు జాగ్రత్త! యూదుల ఊచకోతను కాదనేవాడని తన గురించి రాసిన అమెరికా చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ మీద అతను వేసిన పరువునష్టం కేసు 2000 ఏప్రిల్‌లో వీగిపోయిందంటే, ఆమె తరఫున చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్, అతని ఇద్దరు విద్యార్థులు రెండేళ్లకు పైగా అతని ఫుట్‌నోట్లు ఒక్కొక్కటీ అసలు కాగితాలతో పోల్చి చూసినందుకు. డైరీ బుద్ధిని చూపిస్తుంది తల్లీ, అబద్ధాన్ని పట్టిచ్చేది ఫుట్‌నోటే.

1941 నవంబర్ 30న హిట్లర్ ఎస్‌ఎస్ దళాల అధిపతి హిమ్లర్ ఫోన్ చిట్టాలో రాసుకున్నది బెర్లిన్ నుంచి యూదులను తీసుకెళ్లిన ఒక్క రైలు సంగతి, అందులోవాళ్లను చంపొద్దని. ఇర్వింగ్ 1977లో దాన్ని యూదులందరినీ కాపాడమన్న హిట్లర్ ఆజ్ఞగా మార్చాడు. ఆ ఫోన్ వెళ్లేసరికే రైల్లోని వెయ్యిమందిని లాత్వియాలోని రీగా దగ్గర అడవిలో కాల్చేశారు. ఆ చిట్టా నకలు నీ బల్ల మీద పెట్టుకో.

మొదటి అధ్యాయం మీ ప్రొఫెసర్‌కన్నా ముందు నాకు పంపు. రాస్తున్నప్పుడు నీకు బాగా నచ్చిన పేజీలకు గీత గీసి పంపు. ముందు వాటినే చూస్తాను.

మీ పెదనాన్న