మెయిల్స్ వస్తున్నాయి, వెళ్ళడం లేదంటే ముందు పోర్ట్ చూడండి

మాస్టారూ, బ్రాడీపేటలో కొత్త నెట్ కనెక్షన్ పెట్టించుకున్నప్పటి నుంచి థండర్‌బర్డ్‌లో (కంప్యూటర్‌లో మెయిల్స్ చూసే ప్రోగ్రామ్) మెయిల్స్ వస్తున్నాయి గానీ పంపినవేవీ కదలట్లేదన్నారు కదా, అయితే కంప్యూటర్ ఫార్మాట్ జోలికి మాత్రం పోకండి. రావడానికి ఒక సర్వర్, పోవడానికి ఇంకొకటి, రెండోదాని సెట్టింగే తేడా. అకౌంట్ సెట్టింగ్స్‌లో అన్నిటికంటే కింద అవుట్‌గోయింగ్ సర్వర్ అని ఉంటుంది, అందులో పోర్ట్ (సర్వర్‌కి మెయిల్ వెళ్ళే ద్వారం నంబర్) 25 అని ఉంటే దొంగ దొరికినట్టే. స్పామ్ గోలకి చాలా నెట్ కంపెనీలు ఇళ్ళ కనెక్షన్లలో 25ని మూసేస్తాయి. దాన్ని 587 చేసి, సెక్యూరిటీ దగ్గర స్టార్ట్‌టీఎల్ఎస్ (మెయిల్ దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) పెట్టండి. అదీ కుదరకపోతే 465, ఎస్‌ఎస్‌ఎల్.

విజయవాడలో మా నాన్నగారి సిస్టమ్‌కీ ఇదే వచ్చింది, నేను తెలివిగా రెండు సాయంత్రాలు పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చున్నా!

పోర్ట్ మార్చాక పాస్‌వర్డ్ తప్పంటే, జీమెయిల్ వాళ్ళకి లాగిన్ విండో వచ్చేలా అథెంటికేషన్‌ని ఓఆథ్2 చేయండి, మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోదు. ఇంకోటి, అవుట్‌బాక్స్‌లో ఇరుక్కున్న మెయిల్‌కి పెళ్ళి ఫొటోలు గానీ తగిలించారా? జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే వెళ్ళదు, అది తీసేసి ముందు ఉత్త మెయిల్ ఒకటి మీకు మీరే పంపుకుని చూడండి. అప్పటికీ ఎర్రర్ వస్తే అందులో ఉన్న నంబర్ ఇక్కడ పెట్టండి.