గుడ్డూ అరటిపండూ పాలూ కలిపి తీసుకోవచ్చా?

నిక్షేపంగా తీసుకోండి. పొద్దున్నే ఉడికించిన గుడ్డు, అరటిపండు తిని గ్లాసుడు పాలు తాగేవారినని, ఈ మూడూ కడుపులో కలిస్తే విషమవుతాయని ఎవరో చెప్పగానే మానేశానని రాశారు. అలా విషమేమీ పుట్టదండీ. అరటిపండు కేకులో పడేవి ఇవేగా!

పాలు విరిగిపోతాయన్న భయమూ వద్దు. పండు తిన్నా తినకపోయినా పాలు కడుపులో విరుగుతాయి. అక్కడి ఆమ్లం చేసే పనే అది, అరుగుదలలో ఒక భాగం.

అసలు చూసుకోవాల్సింది గుడ్డు బాగా ఉడికిందా లేదా అన్నది. పచ్చిగుడ్డు పాలలో గిలక్కొట్టి తాగే అలవాటుంటే మాత్రం మానండి. వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. పైగా పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్, బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఉడికిస్తే ఆ బెడద చాలావరకు పోతుంది.

తిన్నాక కడుపు ఉబ్బరంగా ఉంటుందన్నారు కదా, నా అనుమానమంతా పాల మీదే. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడనివాళ్లు చాలామందే ఉంటారు. ఓ వారం పాలొక్కటే ఆపి, మిగతా రెండూ తిని చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు పొటాషియం ఎక్కువుండే అరటిపండు గురించి డాక్టర్నే అడగాలి.