ఎడిటర్ గారికి పిన్ని రాసేది

ఒరేయ్ అబ్బాయ్,

నిన్న నువ్వు పంపిన పీడీఎఫ్ చూశా, దాని కింద నీ మెసేజూ చూశా. "కథలన్నీ కరెక్ట్ చేసేశా పిన్నీ, టీమ్‌లో నలుగురికీ పనులు చెప్పేశా, ఇక ఎవరూ వేలు పెట్టక్కర్లేదు" అట. ఉగాది సంచికకి ఎడిటర్‌వయ్యి పట్టుమని పది రోజులు కాలేదు కదరా. ముందు నవ్వొచ్చింది, తర్వాత నా సంగతే గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

2005 ఉగాదికి నేనూ ఒక సంచిక ఎడిట్ చేశా. ట్రిప్లికేన్‌లో మేడ మీద చిన్న డీటీపీ సెంటరు, పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ, ఫ్యాన్ వేస్తే ప్రూఫ్ కాగితాలు ఎగిరిపోతాయని ఆపేసి చెమటలు కారుతూ దిద్దేదాన్ని. చిత్తూరు వైపు కుర్రాడి కథ ఒకటి వచ్చింది, అందులో అవ్వ సంగట్లోకి ఎర్రగడ్డ కొరుక్కుంటది. నేను ఎర్ర పెన్నుతో ఉల్లిపాయ అని మార్చేశా, 'వస్తాండాడు'ని 'వస్తున్నాడు' చేశా, కథంతా అదే వరస. టైప్ చేసే అమ్మాయిది తిరుత్తణి, ఇంట్లో తెలుగు, స్కూల్లో అరవం, మన అక్షరాలు ఆ పన్లో చేరాకే నేర్చుకుంది. "అమ్మా, మా ఇంట్లోనూ ఎర్రగడ్డ అనే అంటాం, ఎందుకు కొట్టేశారు?" అంది. వాదించలేదు, అడిగిందంతే. "నువ్వు టైప్ చెయ్, చాలు" అన్నా.

ఆ పిల్ల మళ్ళీ నోరు మెదిపితే ఒట్టు. చివరికి అట్ట మీద కొత్త సంవత్సరం పేరు పార్థివ అని ఉండాల్సిన చోట పాత ఏడాది పేరు తారణ అని పడింది, అన్ని కాపీలూ అయిపోయాక చూసుకున్నాం. "చూశానమ్మా, మీరు రాసిచ్చిందే కదా అని ఊరుకున్నా" అంది. ఏమంటాం? ఆ కథ రాసిన కుర్రాడికి రెండు కాపీలు పంపా, ఉలుకూ పలుకూ లేదు, మళ్ళీ కథా పంపలేదు.

మన ఊళ్ళోనే చూడు, నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్ ఉంది కదా, ఆ పేరు దొరలకి మన భాషలు నేర్పిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ వల్ల వచ్చిందే. అందులో తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్ దొరకి, 1817లో మద్రాసులో దిగినప్పుడు పంతొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. 1820లో కడపకి వెళ్ళాడు, అధికారం అతనిది, అయినా బంగళాలో పండితుల్ని సొంత డబ్బుతో జీతాలిచ్చి పెట్టుకుని వాళ్ళ దగ్గర అడిగి తెలుసుకునేవాడు. ఆ అడగడం ఎన్నాళ్ళు సాగిందంటే తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852కి గానీ రాలేదు. దొరతనం మీద నాకు మోజేం లేదులే, కానీ ఈ ఒక్క విషయంలో నాకంటే వెయ్యి రెట్లు నయం.

ఆఫీసులో కూడా నువ్వు లీడ్‌వే అనుకో, అక్కడి గొడవ నాకు తెలీదు. సంచిక సంగతి మాత్రం చెప్తా. మూడో కథలో ఉర్లగడ్డ ఉంటే బంగాళాదుంప అని మార్చావు, ఎవర్నడిగి? ఆ కథ రాసినాయన గుమ్మిడిపూండిలో నైట్ షిఫ్ట్ చేస్తాడు, మధ్యాహ్నం దాకా పడుకుంటాడు, నాలుగు దాటాక ఫోన్ చెయ్. మార్చేశా అని చెప్పకు, ఇంకేం మాటలున్నాయండీ మీ వైపు అని అడుగు, పక్కన పెన్నూ కాగితం పెట్టుకో. ప్రూఫ్ ఇంకోసారి ఆ నలుగురికీ ఇవ్వు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు పట్రా, నేనూ చూస్తా.

పిన్ని