ఎంఆర్ఐలో ఏమీ లేదన్నారు, మరి పెట్ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. పర్లాకిమిడిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నారు. 12 ఏళ్లుగా సుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాదిగా అరువు పద్దులు తప్పు రాస్తున్నారు, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మొన్న పాతపట్నం వెళ్లి, ఇంటికి ఎలా రావాలో తోచక ఆటోస్టాండులో కూర్చుండిపోయారు. బరంపురంలో తీసిన ఎంఆర్ఐలో వయసుకు తగ్గ మార్పులే ఉన్నాయన్నారు. విశాఖలో న్యూరాలజిస్టు మెదడుకు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ రాశారు. రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కిస్తారని విని అమ్మ భయపడుతోంది. సుగర్ ఉన్న మనిషికి గ్లూకోజ్ ఇవ్వవచ్చా? బదులుగా ఇంకోసారి ఎంఆర్ఐ తీయిస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. ఎక్కించేది సెలైన్ సీసాలో వచ్చే గ్లూకోజ్ కాదు. గ్లూకోజ్‌ను పోలిన ఒక పదార్థానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక అణువును తగిలించి, చేతి నరంలోకి చిన్న సిరంజితో ఇస్తారు. దాని పేరే ఎఫ్‌డీజీ. అందులో ఉండే అసలు పదార్థం సుగర్‌ను పెంచేంత కాదు. రేడియేషన్ సుమారు 4 మిల్లీసీవర్టులు. మట్టి నుంచి, ఆకాశం నుంచి మనుషులకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతూనే ఉంటాయి. అంటే ఏడాదిన్నర, రెండేళ్లలో తగిలేది ఆ ఒక్క రోజు తగులుతుంది. ఈ వయసులో, తగిన కారణం ఉండి తీయించే పరీక్షకు ఇది వెనకాడాల్సినంత మోతాదు కాదు. ఆ రోజు మంచినీళ్లు బాగా తాగించండి. గర్భిణులను, చంటిపిల్లలను సాయంత్రం దాకా ఆయనకు కాస్త దూరంగా ఉంచితే చాలు.

ఇక ఎంఆర్ఐ మాట. మీ కొట్టునే తీసుకోండి. గోడలు, అరలు, తలుపులు బాగున్నాయో లేదో ఎంఆర్ఐ చెబుతుంది. ఏ అరలో సరుకు కదులుతోంది, ఏ అర దుమ్ము పట్టింది అన్నది చెప్పేది పెట్ స్కాన్. మతిమరుపు జబ్బుల్లో మెదడు కుంచించుకుపోవడం కంటికి కనపడక ముందే దాని పని తగ్గడం మొదలవుతుంది. అందుకని ఎంఆర్ఐ ఇంకోసారి తీయించినా మీ సందేహం తీరకపోవచ్చు.

మన మెదడు ఒంటి బరువులో 2 శాతమే. ఊరికే కూర్చున్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం దానికే పోతుంది. రోజుకు 100 గ్రాములకు పైనే గ్లూకోజ్ వాడుకుంటుంది. ఈ ఖర్చును బతికున్న మనిషిలో కొలవడానికి 1940లలో అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ ఒక పద్ధతి కనిపెట్టారు. మనిషి చేత నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, ధమనిలోంచీ, మెదడు నుంచి మెడలోకి దిగే సిరలోంచీ రక్తం తీసి లెక్క కట్టారు. 100 గ్రాముల మెదడు నిమిషానికి దాదాపు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుతుందని తేలింది. మొత్తం ఖర్చు తెలిసింది గానీ ఏ భాగం ఎంత వాడుతోందో తెలియలేదు.

ఆ లోటు తీర్చింది ఎఫ్‌డీజీ. ఇది గ్లూకోజ్ లాగే మెదడు కణంలోకి వెళుతుంది, మొదటి మెట్టు దాటుతుంది, ఆపైన ముందుకు సాగలేక అక్కడే చిక్కుకుపోతుంది. ఎక్కడ ఎక్కువ పని జరుగుతుంటే అక్కడ ఎక్కువ పోగవుతుంది. 1976 ఆగస్టులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనుషులకు దీన్ని ఇచ్చినప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్‌లో తయారుచేసి విమానంలో ఫిలడెల్ఫియాకు తెచ్చారు. అంత హడావిడి ఎందుకంటే ఫ్లోరిన్-18 సగం కరిగిపోవడానికి 110 నిమిషాలు చాలు. ఇవాళ్టికీ అదే పరుగు. సైక్లోట్రాన్ అనే యంత్రం సాయంతో తయారైన మందు మీ కోసం ఆగదు. మీ బస్సు టెక్కలి దగ్గర రెండు గంటలు నిలిచిపోతే మందు సగానికి పైగా పోయినట్టే. అందుకే ముందు రోజు సాయంత్రానికే విశాఖ చేరుకోండి.

సుగర్ ఉన్నవాళ్ల విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కణంలోకి వెళ్లడానికి ఎఫ్‌డీజీకీ, రక్తంలోని గ్లూకోజ్‌కూ దారి ఒకటే. రక్తంలో సుగర్ ఎక్కువగా ఉంటే మందు లోపలికి సరిగా పోదు, బొమ్మ మసకగా వస్తుంది. అంతకంటే చిక్కు ఇంకొకటి. సుగర్ ఎక్కువున్నప్పుడు మెదడు వెనుక, మధ్య భాగాల్లో వెలుగు తగ్గి, అచ్చం అల్జీమర్స్ బొమ్మలాగే కనపడే అవకాశం ఉంది. లేని జబ్బును ఉందనుకునే ప్రమాదం అది. సాధారణంగా 200 దాటితే స్కాన్ వాయిదా వేస్తారు. 150 లోపు ఉంటే నాకు తృప్తి. స్కాన్‌కు ముందు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. తెల్లారగానే చోడంబలి తాగే అలవాటుంటే ఆ ఒక్కరోజు మానిపించండి, కాఫీ, టీ కూడా వద్దు, మంచినీళ్లు తాగవచ్చు. ఆ పూట సుగర్ మాత్ర వేయాలా వద్దా అన్నది సెంటర్ వాళ్లను ముందే ఫోన్‌లో అడగండి. మీ అంతట మీరు ఆపకండి. ఖాళీ కడుపుతో చెమటలు పట్టినా, తికమకగా మాట్లాడినా వెంటనే సుగర్ చూపించండి. నిద్రమాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పాలి, వాటివల్ల మెదడు ఖర్చు తగ్గుతుంది.

ఇంజెక్షన్ చేశాక అరగంటో ఇంకాస్తో చీకటిగా ఉన్న గదిలో పడుకోబెడతారు. మాటలుండవు, ఫోన్ ఉండదు. అమ్మగారు చెవి దగ్గర ధైర్యం చెబుతూ కూర్చుంటే, వినే భాగం, మాట్లాడే భాగం పనిచేసి మందును ఎక్కువ లాక్కుంటాయి. ఆ ధైర్యం ముందే చెప్పి బయట కూర్చోమనండి. తర్వాత స్కాన్‌కు పట్టేది సుమారు 15 నిమిషాలు.

కంప్యూటర్‌లో వచ్చే రంగుల బొమ్మలో పసుపు, ఎరుపు ఉన్నచోట వాడకం ఎక్కువ, నీలం ఉన్నచోట తక్కువ. అల్జీమర్స్‌లో చెవుల పైన, వెనుక ఉండే భాగాలూ, నడుమ లోపలి వైపూ నీలం తిరుగుతాయి. చేతులు, కాళ్లు ఆడించే పట్టీ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఫ్రంటో టెంపోరల్ డిమెన్షియా అనే మరో మతిమరుపు జబ్బులో నుదుటి వెనుక భాగంలో వాడకం తగ్గుతుంది. ఈ తేడా పట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే అల్జీమర్స్‌లో కొంత పనిచేసే డోనెపెజిల్ అనే మాత్ర, రెండో జబ్బులో మేలు చేయదు సరికదా ప్రవర్తనను ఇంకా చెడగొట్టవచ్చు. ఏ జబ్బో తెలిస్తే వైద్యం మారుతుందన్నప్పుడే ఈ స్కాన్‌కు డబ్బు పెట్టాలని నేను నమ్ముతాను.

కానీ మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది 12 ఏళ్ల మెట్‌ఫార్మిన్ దగ్గర. ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరిలో విటమిన్ బి12 తగ్గిపోతుంది. బి12 తగ్గినా మతిమరుపు వస్తుంది, అడుగులు తడబడతాయి, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. థైరాయిడ్ తగ్గినా, మనసులో దిగులు ముదిరినా ఇలాగే ఉంటుంది. బి12, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, మూడు నెలల సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలు ఈ వారంలోనే చేయించి, ఆ కాగితాలు న్యూరాలజిస్టుకు చూపించాకే పెట్ స్కాన్ తేదీ తీసుకోండి. బి12 తక్కువగా ఉంటే ఇంజెక్షన్లు మొదలుపెట్టి, మూడు నెలలకు ఆయన ఎలా ఉన్నారో చూద్దామని డాక్టర్ అనవచ్చు. అప్పుడు స్కాన్ అక్కరలేకపోనూ వచ్చు.

ఇంకో మాట, సరిహద్దు ఊళ్లవాళ్లకు ప్రత్యేకంగా. జ్ఞాపకశక్తి పరీక్ష ఏ భాషలో చేశారో కనుక్కోండి. ఇంట్లో తెలుగు, బేరంలో ఒడియా మాట్లాడే మనిషిని హిందీలోనో ఇంగ్లీషులోనో ప్రశ్నలడిగితే మార్కులు తగ్గుతాయి, ఆ తగ్గుదల జబ్బు కాదు. ఏసీఈ-3 అనే పరీక్షకు తెలుగు రూపం ఉంది, దాన్ని అడగండి. రెండు భాషలు వాడుక చేసేవాళ్లలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని హైదరాబాద్ నిమ్స్ వైద్యుల బృందం 648 మంది రోగులను చూసి 2013లో ప్రచురించింది. మీ నాన్నగారికి ఒడియా ఖాతాదారులతో మాట్లాడటం మాన్పించవద్దు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ అరువు పద్దుల పుస్తకం వెంట తీసుకెళ్లండి. రెండేళ్ల కిందటి పేజీ, మొన్నటి పేజీ పక్కపక్కన పెట్టి చూపించండి. పేర్లు తప్పాయా, కూడికలు తప్పాయా, ఒకే పద్దు రెండుసార్లు పడిందా అన్నది డాక్టర్‌కు ఎంతో పనికొస్తుంది. చూపించాక పుస్తకం తిరిగి ఆయన చేతికే ఇవ్వండి. రాత్రి కొట్టు కట్టేసే ముందు పక్కన కూర్చుని మీరూ ఓసారి కూడండి, తప్పు కనపడితే ఖాతాదారుల ముందు అనకండి.