చెవి మిషన్ తీసి పక్కన పెట్టాక

ప్రశ్న: అక్కా నమస్తే. మేము డాలస్‌లో ఉంటాం, నాకు 54. రెండు చెవులకీ మిషన్లు, రాత్రి తీసేసి పడుకుంటా. మావారిది నైట్ షిఫ్ట్. మొన్న స్టవ్ మీద పాలు మర్చిపోయి నిద్రపోయా, స్మోక్ అలారం మోగినా తెలీలేదు, పక్కింటావిడ తలుపు బాదినా తెలీలేదు, ఆఖరికి ఆవిడ ఫోన్ చేస్తే మావారు పరిగెత్తుకొచ్చారు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ హియరింగ్ డాగ్‌కి, అంటే చెవులు వినపడనివాళ్ళకి శబ్దాలు తెలియజేసే కుక్కకి, అప్లై చెయ్యమంటోంది. నాకేమో కుక్కంటే కాస్త భయం, మా అత్తగారు మడి పాటిస్తారు. అసలు ఆ కుక్క ఏం చేస్తుంది? మామూలు కుక్కని పెంచుకుంటే సరిపోదా?

జవాబు: చదువుతుంటే గుండె జారిపోయింది చెల్లీ. నేనూ మిషన్లతో బతుకుతున్నదాన్నే, రాత్రి వాటిని డబ్బాలో పెట్టాక ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కుక్క కంటే ముందు అలారం సంగతి చూడు. మామూలు స్మోక్ అలారం సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర కీచుమంటుంది, మనలాంటి చాలామందికి ముందు పోయేది ఆ సన్నటి శబ్దాలే. 520 హెర్ట్జ్‌లో బొంగురుగా మోగేవి ఉన్నాయి, పరుపు కింద పెట్టుకుంటే మంచాన్ని ఊపి లేపేవీ ఉన్నాయి. అవి ఈ వారమే పెట్టించు. కుక్క వచ్చేసరికి చాలా టైం పడుతుంది, వచ్చాక కూడా నిప్పు విషయంలో దానొక్కదాని మీదే భారం వెయ్యకూడదు.

ఇక కుక్క. శాక్రమెంటోలో నా ఫ్రెండ్ ఇంట్లో ఓ వారం ఉండి కళ్ళారా చూశా. కాలింగ్ బెల్ మోగితే అది మొరగదు, నా ఫ్రెండ్ దగ్గరికొచ్చి ముక్కుతో మోకాలి మీద పొడుస్తుంది, తను చేత్తో "ఏంటి?" అని సైగ చేస్తే తలుపు దాకా తీసుకెళ్తుంది. పొద్దున అలారం గడియారం మోగితే మంచమెక్కి లేపుతుంది, ఎవరైనా తనని పేరు పెట్టి పిలిచినా వచ్చి తడుతుంది. కుక్కర్ విజిల్ మాత్రం ఇంటికొచ్చాక తనే నేర్పుకుంది, విజిల్ వచ్చిన ప్రతిసారీ అది పరిగెత్తుకొచ్చి తాకితే ఒక బిస్కెట్ ముక్క, అలా కొన్ని వారాలు. ఇప్పుడు పప్పుకి మూడు విజిల్స్ అంటే మోకాలి మీద మూడు పొడుపులు, తను హాల్లో కూర్చుని లెక్కపెట్టుకుంటుంది! ఇంతకుముందు స్టవ్ ముందు నించి కదిలేది కాదు, నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూసేది. ఇప్పుడలా చూడట్లేదు, వారంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

పెంపుడు కుక్క కూడా బెల్ మోగితే మొరుగుతుంది గానీ ఆ మొరుగుడు మనకి వినపడాలి కదా! తేడా అక్కడే. మనిషిని తాకి చెప్పాలి, నిద్రలో ఉన్నా వదలకుండా చెప్పాలి. బ్రిటన్‌లో 1982లో మొదలైన హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్ వాళ్ళ కుక్కలైతే ఫైర్ అలారం మోగితే మనిషిని తట్టి అక్కడే నేల మీద పడుకుంటాయి, అంటే ప్రమాదం అని గుర్తు.

అమెరికాలో కెనైన్ కంపానియన్స్ అని 1975 నించీ ఉన్న సంస్థ ఉంది, కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో మెయిన్ ఆఫీసు. కుక్కకి డబ్బు తీసుకోరు, తిండీ వెట్ ఖర్చూ నీవి. అప్లై చేశాక ఇంటర్వ్యూలూ వెయిటింగూ ఉంటాయి, తర్వాత నువ్వే వాళ్ళ దగ్గరికెళ్ళి ట్రైనింగ్‌లో ఉండాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే సర్టిఫికెట్ ఇస్తాం అనేవాళ్ళ జోలికి పోకు, చట్టంలో దానికి విలువే లేదు. షాపులో ఎవరైనా ఆపితే రెండే అడగొచ్చు, ఇది వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పనికి ట్రైనింగ్ ఇచ్చారు అని. కాగితాలు చూపించమనకూడదు. అద్దె ఇంట్లో దీనికి పెట్ ఫీజు కూడా వెయ్యకూడదు.

భయం గురించి ఉన్నమాట చెప్తా. అది నీ పక్కలో పడుకునే కుక్క, రోజూ నడిపించాలి, దువ్వాలి, శబ్దాలు ప్రాక్టీస్ చేయించాలి, మానేస్తే మెల్లగా మర్చిపోతుంది. కాబట్టి ముందు తెలిసినవాళ్ళ కుక్కతో రోజూ కాసేపు గడుపు. రెండు మూడు నెలలైనా భయం పోకపోతే అప్లై చెయ్యకు, అందులో తప్పేం లేదు, బెల్ కొడితే వెలిగే లైట్లూ వైబ్రేటర్లూ ఉండనే ఉన్నాయి.

అత్తగారికి ఆ రాత్రి జరిగింది దాచకుండా చెప్పు, ఆవిడ కూడా ఆ ఇంట్లోనే పడుకుంటారు కదా. పూజగది గడప దాటకుండా దాన్ని అలవాటు చెయ్యడం చాలా తేలిక, చిన్న గేటు పెట్టినా చాలు. నా ఫ్రెండ్ వాళ్ళమ్మగారూ మొదట గొడవ చేశారు, ఇప్పుడు ఆవిడ పూజలో ఉంటే అది గేటు బయట పడుకుని ఉంటుంది.

ప్రశ్న: మా చెల్లికి హియరింగ్ డాగ్ ఉంది. సంక్రాంతికి విజయవాడ తీసుకెళ్ళొచ్చా?

జవాబు: తీసుకెళ్ళడం కంటే తిరిగి రావడమే కష్టం. కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశాల లిస్టులో ఇండియా ఉంది, 2024 ఆగస్టు నించి అమెరికా రూల్స్ గట్టిగా ఉన్నాయి, ఇలా వైకల్యం ఉన్నవాళ్ళకి సాయం చేసే సర్వీస్ డాగ్‌కి కూడా మినహాయింపు లేదు. మైక్రోచిప్ ఉండాలి, అమెరికాలో వేయించిన రేబిస్ టీకా కాగితం బయల్దేరకముందే సర్టిఫై చేయించాలి, అక్కడికెళ్ళాక చూద్దాం అంటే కుదరదు. ఇండియాలోకి తేవడానికి పర్మిషన్ వేరే. టికెట్లు కొనకముందే వెట్‌తో మాట్లాడమనండి.