థర్మోస్టాట్ పీకేసిన బండి

ప్రశ్న: మాది 2013 పెట్రోల్ కారు. లీటరుకు 16 ఇచ్చేది 12కి దిగింది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కాన్ చేసి ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. వారానికే లైట్ మళ్లీ వచ్చింది. ఇప్పుడు పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందంటున్నారు. గుంటూరు ఎండల్లో కూడా టెంపరేచర్ ముల్లు సగం దాకా రాదు, అదొక్కటే సంతోషం. కన్వర్టర్ మార్పించమంటారా? - ఒక పాఠకుడు, బ్రాడీపేట

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు సంతోషపడుతున్న ఆ ముల్లు మీదే నాకు అనుమానం. ఇంజిన్ కాగేదాకా కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వ్. ఎవరో మీ బండిలో దాన్ని పీకేసి ఉంటారు, లేదా అది తెరుచుకునే ఉండిపోయి ఉంటుంది. "మన ఎండలకు అదెందుకు?" అని ఆటోనగర్‌లో నేనూ ఒకప్పుడు పీకినవాణ్నే. అవి కంప్యూటర్ లేని పాత కార్బురేటర్ బళ్లు కాబట్టి చెల్లిపోయింది. మీ బండిలో కంప్యూటర్ ఉంది. కూలెంట్ వేడెక్కలేదని సెన్సర్ చెబుతున్నంతసేపూ అది పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు స్కానర్ పెట్టి పొగ రీడింగులు చూస్తే మంచి సామాను కూడా చెడిపోయినట్టే కనపడుతుంది.

రెండు పరీక్షలు చేయించండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి, పొద్దున స్టార్ట్ చేయకముందే తాళం ఆన్ చేసి, స్కానర్‌లో కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి చూడండి. రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. బాగా తేడా ఉంటే టెంపరేచర్ సెన్సరే అబద్ధం చెబుతోంది. సరిపోయిందా, స్కానర్ అలాగే ఉంచి కాజ టోల్‌గేట్ దాకా వెళ్లి రండి. రీడింగు పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి, మీరు కాదు. బాగున్న బండిలో పెదకాకాని దాటేసరికి 80 డిగ్రీలు పైన పడి, అక్కడే నిలబడుతుంది. ట్రాఫిక్‌లో పెరిగి, హైవే ఎక్కి వేగం అందుకోగానే 60, 70కి జారిపోతుంటే వాల్వ్ పని చేయట్లేదనే లెక్క. స్కానర్‌లో పి0128 కోడ్ ఉంటే అదీ ఈ మాటే చెబుతుంది.

వాల్వ్ వేయించాక, ఇంజిన్ బాగా కాగిన తర్వాతే కన్వర్టర్ పరీక్ష. వాల్వ్ ఖరీదు కన్వర్టర్ ధరలో ఏ మూలకూ రాదు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి. నా ఎడమ చేతి మీద మచ్చ అలా వచ్చిందే.

ప్రశ్న: పొల్యూషన్ టెస్టులో మా బిఎస్-4 కారు ఫెయిలైంది. ఏ రిపేరూ చేయించకుండా మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆగితే పాసైంది. మిషన్ మోసమా? - ఒక పాఠకురాలు, భవానీపురం

జవాబు: మిషన్ తప్పు కాకపోవచ్చమ్మా. టెస్టింగ్ సెంటర్ మీ ఇంటికి రెండు వీధులేనని రాశారు. మొదటి రోజు ఇంజిన్ కాగకుండానే గొట్టం పెట్టి ఉంటారు. మీ బండికి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మించకూడదు. చల్లటి ఇంజిన్ అది దాటేయడం వింత కాదు. వచ్చేసారి ప్రకాశం బ్యారేజీ అవతలి దాకా ఒక చుట్టు తిరిగి, ఇంజిన్ ఆపకుండా నేరుగా అక్కడికే వెళ్లండి.